మీ సోలార్ ప్యానెల్‌లో ఉన్నది ఏ సెల్? రెండు భాగహారాలతో తేల్చుకోవడం ఎలా

"మోనో మంచిదా, పాలీ మంచిదా?" "డీలర్ టాప్‌కాన్ అని చెప్పి ఇచ్చాడు, నిజమేనా?" "బైఫేషియల్ అంటే మోనో కంటే పైరకమా?" డాబా మీద సోలార్ పెట్టించుకుందామని ఎవరు ఫోన్ చేసినా ఈ మూడింట్లో ఒకటి అడక్కుండా పెట్టేయరు. అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పీ చెప్పీ గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. చదివాక డీలర్ నోటి మాట మీద ఆధారపడనక్కర్లేదు. ప్యానెల్ వెనకున్న స్టిక్కర్ ముందు కూర్చుని మీరే తేల్చుకోవచ్చు. అయిదో తరగతి లెక్కలు వస్తే చాలు.

కావలసినవి

- ప్యానెల్ వెనక స్టిక్కర్ ఫోటో. కొనకముందైతే ఆ మోడల్ డేటాషీట్ (కంపెనీ ఇచ్చే వివరాల కాగితం). డీలర్ని వాట్సాప్‌లో పంపమనండి.
- కొలత టేపు
- ఫోన్‌లో క్యాలిక్యులేటర్
- డీసీ వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటర్
- ఉంటే మంచిది: డీసీ క్లాంప్ మీటర్, దూరం నుంచి వేడి చూపించే ఐఆర్ థర్మామీటర్

క్లాంప్ మీటర్ కొనేటప్పుడు జాగ్రత్త. ఇళ్లల్లో వైరింగ్ చేసేవాళ్ల దగ్గర ఉండే చౌక క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ కరెంటునే కొలుస్తాయి. ప్యానెల్ వైరుకి తగిలిస్తే సున్నా చూపిస్తాయి. పాపం ప్యానెల్ పోయిందనుకుని వాపసు పంపినవాళ్లున్నారు.

1. ముందు కంటితో చూడండి, కానీ నమ్మేయకండి

నీలంగా ఉండి, సెల్ (ప్యానెల్‌లో గళ్లలా కనిపించే ఒక్కో బిళ్ల) లోపల పగిలిన గాజు ముక్కలు అతికించినట్టు మచ్చలు మచ్చలుగా మెరుస్తూ, నాలుగు మూలలూ నిండు చతురస్రంగా ఉంటే అది పాలీ. కరిగించిన సిలికాన్‌ని మూసలో పోసి చల్లారనిస్తే రకరకాల స్ఫటికాలు కలగాపులగంగా గడ్డ కడతాయి. ఆ మచ్చలు అవే.

నల్లగా, ఒకే రంగులో ఉండి, మూలలు కాస్త కోసేసినట్టుంటే మోనో. ఇందులో సిలికాన్ అంతా ఒకే స్ఫటికం. కరిగిన సిలికాన్‌లో చిన్న విత్తన స్ఫటికాన్ని ముంచి, తిప్పుతూ మెల్లగా పైకి లాగితే గుండ్రటి కడ్డీ వస్తుంది. దాన్ని చదరంగా చెక్కి పలచటి బిళ్లలుగా కోస్తారు. గుండ్రం నుంచి చదరం కోశారు కాబట్టి మూలలు పోయాయి. ఈ పద్ధతి పోలెండ్ శాస్త్రవేత్త చొక్రాల్‌స్కీది. 1916లో ఆయన పరధ్యానంగా కలాన్ని సిరాబుడ్డిలో ముంచబోయి పక్కనున్న కరిగిన తగరంలో ముంచాడనీ, పాళీ చివర సన్నటి తీగ లేచి వచ్చిందనీ కథగా చెప్పుకుంటారు.

పాత కాలిక్యులేటర్ మీద గోధుమరంగు పట్టీ గుర్తుందా? అది అమార్ఫస్ సిలికాన్. స్ఫటికమే లేకుండా గాజు మీద పలచగా పూసింది. సామర్థ్యం, అంటే మీద పడిన వెలుగులో కరెంటుగా మారేది, 6 నుంచి 8 శాతం. ఇంటి పైకప్పుకి దీన్ని ఎవరైనా అంటగట్టబోతే దండం పెట్టి వచ్చేయండి.

నమ్మేయకండి అని ఎందుకన్నానంటే, కొత్త పెద్ద సైజు మోనో సెల్స్‌లో మూల కోత కంటికి ఆననంత చిన్నది. కొన్నిటికి అసలు ఉండదు. ఇక పెర్క్, టాప్‌కాన్, హెచ్‌జేటీ మూడూ మోనోని మెరుగుపరిచిన రకాలే (తేడా 4లో చెప్తాను), మోనో సంతానమే కాబట్టి మూడూ నల్లగానే ఉంటాయి. సెల్ మీద నిలువు గీతలు లెక్కపెడితే కాస్త ఆచూకీ దొరుకుతుంది. పాత పాలీకి 3 నుంచి 5 వెడల్పు గీతలు, పెర్క్‌కి సాధారణంగా 9, 10 సన్నవి, టాప్‌కాన్‌కి 16 దాకా వెంట్రుకల్లాంటివి. ముందువైపు ఒక్క గీతా లేకపోతే అది బ్యాక్ కాంటాక్ట్ రకం. తీగలన్నీ వెనక్కి పోయాయన్నమాట. చూడ్డానికి అందగత్తె, ధర కూడా ఆ తీరే.

2. స్టిక్కర్ మీది అయిదు అంకెలు రాసుకోండి

- పీమ్యాక్స్: గరిష్ఠ వాట్లు
- వీఓసీ: ఏమీ తగిలించనప్పుడు వచ్చే వోల్టులు
- ఐఎస్‌సీ: రెండు కొసలూ కలిపితే వచ్చే ఆంపియర్లు
- పొడవు, వెడల్పు: స్టిక్కర్ మీద లేకపోతే టేపుతో కొలవండి
- సెల్స్ సంఖ్య: ముందువైపు మీరే లెక్కపెట్టండి

స్టిక్కర్ అసలు లేని ప్యానెల్, లేదా అంకెలు చెరిగిపోయిన ప్యానెల్ కొనకండి. దీనికి ప్రత్యామ్నాయం లేదు.

3. మొదటి భాగహారం: వాట్లు సరైనవేనా?

పొడవు, వెడల్పు మీటర్లలో గుణించండి. వాట్లను ఆ వైశాల్యంతో భాగించండి. వచ్చినదాన్ని 10తో భాగిస్తే సామర్థ్యం శాతంలో వస్తుంది.

పాత 72 సెల్స్ పాలీ, 330 వాట్లు. కొలతలు 1.96 × 0.99, అంటే 1.94 చదరపు మీటర్లు. 330ని 1.94తో భాగిస్తే 170. అంటే 17 శాతం.

పెర్క్, 540 వాట్లు. 2.278 × 1.134, అంటే 2.58. సామర్థ్యం దాదాపు 21.

అదే సైజులో టాప్‌కాన్ 580 వాట్లు. సామర్థ్యం 22.4 దగ్గర.

పాలీ 15 నుంచి 17, పెర్క్ 19 నుంచి 21.5, టాప్‌కాన్ 21.5 నుంచి 23, హెచ్‌జేటీ 22 ఆపైన. స్టిక్కర్ మీద పేరు, మీకొచ్చిన అంకె ఒకే గూట్లో ఉన్నాయో లేదో చూడండి.

ఈ లెక్క నేను నేర్చుకున్నది దెబ్బ తినే. పశువుల పాకలో లైటుకని ఆన్‌లైన్‌లో "80 వాట్ల మోనో" అని చిన్న ప్యానెల్ తెప్పించాను. సాయంత్రమయ్యేసరికి బ్యాటరీ సగం కూడా నిండదు. నెల రోజులు బ్యాటరీని తిట్టుకున్నాక ఒకరోజు టేపు పెట్టి కొలిస్తే 68 సెంటీమీటర్లు × 35 సెంటీమీటర్లు. అంటే 0.238 చదరపు మీటర్లు. 80ని దాంతో భాగిస్తే 33.6 శాతం! సిలికాన్ సెల్‌కి సిద్ధాంతం ప్రకారమే 29.4 శాతం దగ్గర గోడ ఉంది. ప్రపంచంలో ఏ ల్యాబూ దాటలేని గోడని నా గొడ్ల పాక దాటేసిందన్నమాట. మిట్టమధ్యాహ్నం కొలిస్తే 40 వాట్లు దాటలేదు.

కాబట్టి చిన్న ప్యానెళ్ల దగ్గర ఈ భాగహారం తప్పకుండా చేయండి. ఫ్రేము వాటా ఎక్కువ కాబట్టి వాటికి సామర్థ్యం నిజానికి ఇంకా తక్కువే రావాలి. 24 దాటిందంటే అనుమానించండి.

4. రెండో భాగహారం: సెల్ జాతి ఏది?

అసలు కిటుకు ఇది. ఒక్కో సెల్ ఇచ్చే వోల్టు దాని జాతిని బయటపెడుతుంది. సెల్ లోపల పుట్టిన కరెంటు దాని ఉపరితలాల దగ్గర, లోహం తగిలే చోట వృథా అవుతుంటుంది. ఆ వృథాని ఎంత బాగా అరికడితే వోల్టు అంత పెరుగుతుంది. పాలీ నుంచి హెచ్‌జేటీ దాకా జరిగిన ప్రయాణమంతా ఇంతే. పెర్క్‌లో సెల్ వీపుకి రక్షణ పొర వేశారు. టాప్‌కాన్‌లో లోహానికీ సిలికాన్‌కీ మధ్య అతి పలచటి ఆక్సైడ్ పొర పెట్టారు. హెచ్‌జేటీలో స్ఫటికానికి రెండు వైపులా అమార్ఫస్ సిలికాన్ పూత పూశారు. కాలిక్యులేటర్‌లో వెనకబడిన అదే పదార్థం ఇక్కడ కోటుగా పనికొచ్చింది. సిద్ధాంతం ఇక్కడితో ఆపేస్తున్నాను.

వీఓసీని సిరీస్‌లో (ఒకదాని వెనకొకటి గొలుసులా కలిపి) ఉన్న సెల్స్ సంఖ్యతో భాగించండి.

- 0.62 నుంచి 0.65: పాలీ, లేదా పాతకాలం మోనో. రంగు, మూలలు చూసి తేల్చండి.
- 0.66 నుంచి 0.70: పెర్క్
- 0.70 నుంచి 0.73: టాప్‌కాన్
- 0.73 నుంచి 0.76: హెచ్‌జేటీ

బ్యాక్ కాంటాక్ట్ టాప్‌కాన్, హెచ్‌జేటీ గూళ్లలో ఎక్కడైనా పడొచ్చు. దాన్ని గీతలు లేని ముఖం చూసే పోల్చుకోవాలి.

ఇక అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇప్పటి ప్యానెళ్లలో సెల్స్‌ని సగానికి కోసి పెడతారు. ముందువైపు లెక్కపెడితే 144 వస్తాయి. కానీ ప్యానెల్ పైభాగం 72, కింది భాగం 72 విడివిడిగా సిరీస్ కట్టి, ఆ రెంటినీ ప్యారలల్‌గా (వోల్టులు కలవకుండా పక్కపక్కన) కలుపుతారు. కాబట్టి భాగించాల్సింది 144తో కాదు, 72తో. 132 ఉంటే 66తో, 108 ఉంటే 54తో. ప్యానెల్ నడుమ అడ్డంగా ఖాళీ పట్టీ కనిపిస్తే సగం కోత రకమని గుర్తు. మీకు 0.34 లాంటి అంకె వచ్చిందంటే సగానికి తగ్గించడం మరిచిపోయారన్నమాట.

ఉదాహరణకి 540 వాట్ల పెర్క్ స్టిక్కర్ మీద వీఓసీ 49.5. 72తో భాగిస్తే 0.687. సరిపోయింది. 580 టాప్‌కాన్‌కి 51.5 ఉంటే 0.715. ఇదీ సరే. "టాప్‌కాన్" అని చెప్పి అమ్మిన ప్యానెల్‌కి 0.68 వస్తే, చల్లని మజ్జిగ ఇచ్చి మరీ డీలర్ని కూర్చోబెట్టి అడగండి.

చేప పొలుసుల్లా సెల్ ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కించి అతికించిన ప్యానెళ్లకి ఈ లెక్క పనిచేయదు. వాటికి డేటాషీటే గతి.

5. వేడికి ఎంత తగ్గుతుందో చూడండి

స్టిక్కర్ మీది వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకి తేలిగ్గా పోతుంది. డేటాషీట్‌లో "టెంపరేచర్ కోఎఫీషియంట్" అని మూడు వరుసలుంటాయి. మనకి కావలసింది పీమ్యాక్స్‌ది. డిగ్రీకి పాలీ దాదాపు 0.41 శాతం పోగొట్టుకుంటుంది. పెర్క్ 0.35, టాప్‌కాన్ 0.29, హెచ్‌జేటీ 0.25.

25 నుంచి 65కి 40 డిగ్రీలు. ప్రతి 1000 వాట్లకీ మిగిలేది ఇదీ: పాలీ 836, పెర్క్ 860, టాప్‌కాన్ 884, హెచ్‌జేటీ 900.

ఇక్కడో మోసం జరుగుతుంది, తెలిసో తెలియకో. పెర్క్ డేటాషీట్‌లో వీఓసీ వరుసలో 0.27 అని ఉంటుంది. దాన్ని చూపించి "చూడండి సార్, మాది టాప్‌కాన్ కంటే నయం" అంటారు. వరుస పేరు చదవండి. పీమ్యాక్స్ వరుస, పీమ్యాక్స్ వరుసతోనే పోల్చాలి.

నా మాట ఒకటి. పెర్క్‌కీ టాప్‌కాన్‌కీ మండుటెండలో తేడా 860కి 24 వాట్లు, అంటే 3 శాతం లోపు. దాని కోసమే వాట్‌కి 15 శాతం ఎక్కువ పెట్టమంటే నేను పెట్టను. ధర దగ్గరదగ్గరగా ఉంటే మాత్రం కళ్లు మూసుకుని టాప్‌కానే. ఎందుకంటే అది మెల్లగా ముసలిదవుతుంది. పెర్క్‌కి కంపెనీలు సాధారణంగా ఇచ్చే హామీ 25 ఏళ్ల తర్వాత 84.8 శాతం. టాప్‌కాన్‌కి 30 ఏళ్ల తర్వాత 87.4.

6. సెల్ రకాలు కానివాటిని పక్కన పెట్టండి

హాఫ్‌కట్ సెల్ రకం కాదు, కోత. పాలీని కూడా సగానికి కోయొచ్చు.

బైఫేషియల్ కూడా సెల్ రకం కాదు. వెనకనుంచి కూడా వెలుగు తీసుకునే అమరిక, అంతే. పెర్క్‌లోనూ ఉంది, టాప్‌కాన్‌లోనూ ఉంది. తెల్ల పెయింట్ వేసిన డాబా మీద నాలుగైదు అడుగుల ఎత్తున పెడితే వెనక వైపు పనిచేస్తుంది. రేకుల షెడ్డుకి ఆనించి బిగిస్తే వెనక చీకటే, దాని కోసం పెట్టిన డబ్బు దండగ. కొటేషన్‌లో వెనకవైపు లాభం కూడా కలిపి 580ని 640 అని రాస్తుంటారు. మీరు ముందువైపు వాట్లకే బేరమాడండి.

డీసీఆర్ (డొమెస్టిక్ కంటెంట్ రిక్వైర్‌మెంట్) అంటే సెల్ కూడా మన దేశంలోనే తయారైందని. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకి 60 వేలు, 3 ఆపైన 78 వేలు. అది కావాలంటే డీసీఆర్ ప్యానెల్ తప్పనిసరి. బయటి దేశం సెల్స్ తెచ్చి మన దేశంలో ప్యానెల్‌గా బిగిస్తే అది డీసీఆర్ కాదు. "మేడిన్ ఇండియానే కదా" అని కొని సబ్సిడీ దగ్గర ఇరుక్కునేవాళ్లు ఉన్నారు. కొటేషన్‌లో డీసీఆర్ అన్న మాట, సెల్ రకం, మోడల్ నంబరు మూడూ రాయించుకోండి.

7. మీ కప్పుకి ఏది?

చోటు చాలినంత ఉంటే సెల్ రకం గురించి నిద్ర పోగొట్టుకోవద్దు. 3 కిలోవాట్లకి పాత పాలీ అయితే 9 ప్యానెళ్లు, సుమారు 190 చదరపు అడుగులు. 580 టాప్‌కాన్ అయితే 5, సుమారు 140. నడిచే దారి, నీడ వదిలే ఖాళీ దీనికి అదనం. వాటర్ ట్యాంకు, మెట్ల గది, బట్టల తీగలు పోగా మిగిలిన చోటే చూసుకోవాలి కాబట్టి పట్టణాల్లో ఈ 50 అడుగుల తేడా పెద్దదే. పొలంలో మోటారు దగ్గర ఇదొక లెక్కే కాదు.

కొత్తగా పాలీ కొనొద్దు. తయారీ దాదాపు ఆగిపోయింది, ఇప్పుడు దొరికేది మిగిలిపోయిన సరుకే. హెచ్‌జేటీ బాగుంటుంది కానీ మన ఊళ్లలో అదే మోడల్ మళ్లీ దొరకడం కష్టం.

ఇంకోటి ఇన్వర్టర్. కొత్త పెద్ద సెల్ ప్యానెళ్లు 13, 14 ఆంపియర్లు ఇస్తాయి. పాత ఇన్వర్టర్లలో కొన్ని ఒక్కో స్ట్రింగ్‌కి (సిరీస్ కట్టిన ప్యానెళ్ల వరుసకి) 11, 12 ఆంపియర్లకి మించి తీసుకోవు. ఆ పైన వచ్చేది పోయినట్టే. ఇన్వర్టర్ స్టిక్కర్ మీద గరిష్ఠ ఇన్‌పుట్ కరెంటు చదివాకే ప్యానెల్ ఖాయం చేయండి.

8. సరుకు దిగాక, బిగించక ముందు పరీక్ష

హెచ్చరిక: ఇది విడిగా ఉన్న ఒక్క ప్యానెల్‌కే. బిగించి సిరీస్ కట్టిన స్ట్రింగ్‌లో వందల డీసీ వోల్టులుంటాయి, పట్టుకుంటే వదలదు. నడుస్తున్న స్ట్రింగ్ కనెక్టర్ ఊడదీస్తే నిప్పు రవ్వ లేస్తుంది. అక్కడ చేయి పెట్టకండి.

ఒకటి. ప్యానెల్‌ని ఎండకి ఎదురుగా పెట్టి, మల్టీమీటర్‌ని డీసీ 200 వోల్టుల దగ్గర పెట్టి రెండు కనెక్టర్ల మధ్య కొలవండి. స్టిక్కర్ మీద 49.5 ఉంటే మీకు 45 కనిపించొచ్చు. కంగారు పడకండి, అది మోసం కాదు, వేడి. ఐఆర్ థర్మామీటర్‌తో వెనక వైపు చూడండి. 60 డిగ్రీలుంటే 25 కంటే 35 ఎక్కువ. డిగ్రీకి 0.27 చొప్పున 9.5 శాతం పోతుంది. 49.5లో అది పోతే 44.8. మీటరు దీనికి వోల్టు అటూ ఇటూగా చూపిస్తే ప్యానెల్ బాగానే ఉంది.

మీటరు 30 దగ్గర ఆగిందనుకోండి, అంటే మూడోవంతు మాయమైంది. వెనక పెట్టెలో ఉండే మూడు బైపాస్ డయోడ్లలో (నీడ పడిన సెల్స్‌ని తప్పించి కరెంటుని పక్కదారి పట్టించేవి) ఒకటి షార్ట్ అయి ఉండొచ్చు. ఆ ప్యానెల్ వెనక్కి పంపండి.

రెండు. వోల్టులు సరిపోయినంత మాత్రాన వాట్లు సరిపోయినట్టు కాదు. మబ్బులో కూడా వోల్టులు దాదాపు నిండుగానే వస్తాయి. వాట్లు తెలియాలంటే ఆంపియర్లు కొలవాలి. మల్టీమీటర్‌లో 10 ఆంపియర్ల రంధ్రం చూసి ఆశపడకండి. 14 ఆంపియర్లకి ఫ్యూజు ఎగిరిపోతుంది, ఫ్యూజు లేని చౌక మీటరైతే కాలిపోతుంది. పద్ధతి ఇదీ: ప్యానెల్ మీద మందపాటి పట్టా కప్పండి. దాని రెండు కనెక్టర్లనీ ఒకదానికొకటి కలపండి. వైరుకి డీసీ క్లాంప్ మీటర్ తగిలించండి. పట్టా తీయండి, అంకె చూడండి, మళ్లీ కప్పి, ఆ తర్వాతే కనెక్టర్లు విడదీయండి. మబ్బులేని మధ్యాహ్నం, ప్యానెల్ సూర్యుడికి ఎదురుగా ఉన్నప్పుడు స్టిక్కర్ మీది ఐఎస్‌సీలో 85 శాతం పైన రావాలి.

క్లాంప్ మీటర్ లేదంటే అన్ని ప్యానెళ్ల వోల్టులూ వరుసగా ఒకే పూట కొలిచి కాగితం మీద రాయండి. అన్నీ ఒకే తీరుగా ఉండి ఒక్కటే తేడాగా ఉంటే అదే దొంగ.

9. పాత పాలీ వరుసలో ఒకటి పగిలితే?

కోతి దూకిందనో, రాయి పడిందనో ఏటా నాలుగైదుగురు అడుగుతారు. పాత 330 వాట్ల వరుసలో ఒకటి పోతే దాని చోట కొత్త 540 పెట్టేస్తే బలం పెరుగుతుందనుకుంటారు. సిరీస్‌లో అందరూ నడిచేది అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి వేగంతోనే. పాత పాలీ పనిచేసే కరెంటు 8.7 ఆంపియర్ల దగ్గర. 13 ఇవ్వగల కొత్తది కూడా 8.7కే పరిమితమై 400 వాట్ల లోపే ఆగిపోతుంది. 540కి డబ్బు కట్టి 400 లోపు తీసుకున్నట్టు. పైగా కొలతలు వేరు కాబట్టి స్టాండు కూడా కోయాలి.

అదే కరెంటున్న పాత పాలీని సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. పెద్ద ప్యానెళ్లకి మారినవాళ్లు తీసేసినవి దొరుకుతాయి. కొనేముందు 8లో చెప్పిన పరీక్షలు రెండూ అక్కడే చేయించండి. దొరక్కపోతే పగిలినదాన్ని తీసేసి మిగతావాటితో నడపొచ్చు, అయితే మిగిలిన వోల్టులు ఇన్వర్టర్ కనీస వోల్టు కంటే పైనున్నాయో లేదో చూసుకోవాలి. కొత్తవి చేర్చాలనే ఉంటే, ఇన్వర్టర్‌కి రెండో ఎంపీపీటీ ఇన్‌పుట్ (ఆ వరుస నుంచి గరిష్ఠ వాట్లు విడిగా రాబట్టేది) ఉంటే కొత్తవాటిని విడి వరుసగా అక్కడ కట్టించండి.

గాజు పగిలినా కరెంటు వస్తోంది కదా అని మాత్రం అలాగే ఉంచకండి. వానకి నీళ్లు లోపలికి దిగి ఫ్రేముకి కరెంటు పాకొచ్చు.